గోదావరి మొగల్లోని నిర్జన ద్వీపాలు: కోనసీమ లంకలు, తిప్పల భౌగోళిక స్వరూపం – వాతావరణం

వ్యాససంగ్రహం:
గోదావరి పాయల మధ్య ఉన్న లంకలు, నది సముద్రంలో కలిసే చోట ఏర్పడిన తిప్పలు, తీరాన్ని ఆనుకొని సాగిన ఇసుకదీవులు ఒకే ప్రక్రియలోని వేర్వేరు దశలు. నది తెచ్చిన ఒండ్రు, సముద్రపు అలలు, ఋతుపవనాలు కలిసి వీటి రూపురేఖలను నిర్ణయిస్తాయి. ఈ దీవులు ఎలా పుట్టి ఎలా కదులుతాయో, వాటిపై స్థిరనివాసం ఎందుకు నిలవదో ఈ వ్యాసం వివరిస్తుంది. స్థానిక పదజాలంలోనూ ఊరిపేర్లలోనూ నిలిచిన భౌగోళిక జ్ఞానాన్ని గుర్తిస్తుంది. ఇదే మహాసముద్రపు దక్షిణపు అంచున, ఉపధ్రువ ప్రాంతంలో ఉన్న హెర్డ్ ద్వీపంతో కొన్ని అంశాలను పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, గోదావరి, లంక, తిప్ప, మొగ, మడ అడవులు, ఉప్పెన, ఒండ్రు, హోప్ దీవి, శాక్రమెంటో.

1. ప్రవేశిక

నిర్జన ద్వీపం అనగానే మంచు కప్పిన శిఖరాలు, పెనుగాలులు, మనిషి అడుగు పడని దూరతీరాలు స్ఫురిస్తాయి. భూగోళశాస్త్ర పాఠ్యగ్రంథాలు ఇచ్చే ఉదాహరణలు కూడా ఎక్కువగా అటువంటివే. అమలాపురానికి కొద్ది గంటల ప్రయాణ దూరంలో, గౌతమి పాయ బంగాళాఖాతంలో కలిసే చోట ఉన్న తిప్పలకు ఆ గ్రంథాల్లో చోటు దొరకడం అరుదు. మత్స్యకారులు వేటకాలంలో కొన్నాళ్లు వాటిపై విడిది చేస్తారు. ఆ తరువాత అక్కడ మిగిలేవి మడచెట్లు, నీటిపిల్లులు, వలసపక్షులు, గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లు మాత్రమే. పటంలో వీటికి గీసిన హద్దులు ఏ రెండు తరాలకూ ఒకేలా ఉండవు.

ఈ దీవులను కోనసీమ నుంచి వేరుచేసి అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. నేడు ఊళ్లు, కొబ్బరితోటలు, వరిచేలు ఉన్న కోనసీమ కూడా ఒకనాడు ఇటువంటి తిప్పల సముదాయమే. ఆ మార్పును ఇప్పటికీ కళ్లెదుట చూపగల చోట్లు మొగల్లోనే ఉన్నాయి.

2. కోనసీమ: నది కట్టిన నేల

మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రాన్ని చేరుతుంది. దాని పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. ధవళేశ్వరం దిగువన నది తూర్పున గౌతమిగా, పడమర వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి గన్నవరం వద్ద వైనతేయ విడివడి ఓడలరేవు వైపు సాగుతుంది. వసిష్ఠ అంతర్వేది వద్ద, గౌతమి యానాం దాటిన తరువాత భైరవపాలెం పరిసరాల్లో సముద్రంలో కలుస్తాయి. సంప్రదాయం గోదావరికి ఏడు పాయలను చెబుతుంది. వాటిలో కొన్ని నేడు కాలువలంత సన్నబడ్డాయి, కొన్నింటిని గుర్తించడమే కష్టం. ఏడు పాయల పట్టిక చెప్పేవారిని బట్టి మారుతుంటుంది. దీన్ని సంప్రదాయంలోని లోపంగా భావించనక్కరలేదు. పాయలు తావులు మార్చుకునే నదికి స్థిరమైన పట్టిక ఉండటమే విడ్డూరం.

గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న ఈ త్రికోణాకారపు భూభాగమే కోనసీమ. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అదే. ‘కోన’ అంటే మూల అనీ, మూలన ఉన్న సీమ కనుక కోనసీమ అనీ సాధారణంగా చెబుతారు. వైనతేయ, వసిష్ఠల మధ్య ఉన్న రాజోలు ప్రాంతం నలువైపులా నీరున్న విడి దీవి. బ్రిటిషు కాలపు రికార్డులు దీన్ని నగరం దీవిగా పేర్కొన్నాయి. ఆనకట్ట నీరు ఈ దీవికి అందాలంటే కాలువ వైనతేయను దాటాలి. అందుకే 1850ల తొలి సంవత్సరాల్లో గన్నవరం వద్ద నది మీదుగా 49 ఖానాల అక్విడక్టును నిర్మించారు. నది మీదుగా మరో నీటిపాయ ప్రవహించే ఆ కట్టడం వల్లనే రాజోలు పొలాలు డెల్టా సాగులో చేరాయి. అంతవరకు చుట్టూ నీరున్నా సాగునీటి భరోసా లేని దీవిగానే ఆ ప్రాంతం ఉండేది.

డెల్టా నేలను దగ్గరగా పరిశీలిస్తే తీరానికి ఇంచుమించు సమాంతరంగా ఇసుక మెరకలు వరుసలుగా కనిపిస్తాయి. ఇవి పాత సముద్రతీరాల ఆనవాళ్లు. గత ఆరువేల సంవత్సరాల కాలంలో సముద్రం ఒక్కొక్క అంచె వెనక్కి తగ్గుతుండగా ఒక్కొక్క మెరక మిగిలిపోయింది. ఊళ్లు, కొబ్బరితోటలు ఎక్కువగా ఈ మెరకలపై వెలిశాయి. మెరకల మధ్య పల్లాలు వరిచేలయ్యాయి. ఊరు ఒక ఎత్తులో, చేను ఒక పల్లంలో ఉండే కోనసీమ గ్రామ స్వరూపం ఈ పాత తీరాల అమరికనే అనుసరించింది.

3. లంక, తిప్ప, మొగ: పేర్లలోని భౌగోళికత

నదీద్వీపాలకు పాఠ్యగ్రంథాలు ఒకే మాట వాడతాయి. కోనసీమ వాడుకలో మాత్రం దశను బట్టి మాట మారుతుంది. వరద తగ్గాక నీటి అడుగున పేరుకున్నది ‘మేట’. అది నీటి మట్టానికి పైకి వచ్చి, ఇసుకగుట్టగా నిలిస్తే ‘తిప్ప’ లేదా ‘దిబ్బ’. గడ్డి మొలిచి, ఒండ్రు పట్టి, సాగుకు పనికివస్తే ‘లంక’. నది సముద్రంలోకి తెరుచుకునే నోరు ‘మొగ’. సముద్రపు పోటునీరు ఎక్కి దిగే చవిటి నేల ‘పర్ర’. ఈ పదాల మధ్య గీతలు గీసినంత స్పష్టమైన హద్దులు లేవు. అయినా స్థూలంగా చూస్తే లంక మంచినీటి పరిధికీ, తిప్ప ఉప్పునీటి పరిధికీ చెందినవి.

ఊరిపేర్లను పటంపై పెట్టి చూస్తే ఈ విభజన మరింత స్పష్టమవుతుంది. బూరుగులంక, ఊడిమూడిలంక, లంకలగన్నవరం, శానపల్లిలంక, కేదార్లంక వంటి పేర్లు నది వెంట, సముద్రానికి ఎగువన ఉంటాయి. బలుసుతిప్ప, మట్లతిప్ప, మసానితిప్ప, వసిష్ఠకు ఆవలి ఒడ్డున బియ్యపుతిప్ప మొగల దగ్గర ఉంటాయి. బోడసకుర్రు, కేశనకుర్రు, పల్లంకుర్రు అనే పేర్లలో పునరావృతమయ్యే ‘కుర్రు’ కూడా పాయలకూ పర్రలకూ దగ్గరగానే కనిపిస్తుంది. ఓడలరేవు, నీళ్లరేవు అన్నవి పడవల చరిత్రను చెబుతున్నాయి. నేడు పూర్తిగా నేల మధ్యన ఉన్న ఊరి పేరు చివర ‘లంక’ ఉన్నదంటే, ఒకప్పుడు అక్కడ పాయ పారిందని అనుమానించి పాత పటాలను వెదకడం మంచిది. స్థలనామ పరిశోధకులకు ఇది ఇంకా పూర్తిగా దున్నని పొలం. వ్యుత్పత్తుల చర్చకు ఇచ్చినంత శ్రద్ధ పేర్ల విస్తరణకు, అంటే ఏ పేరు ఏ ఎత్తున, ఏ నీటికి ఎంత దూరాన ఉన్నదన్న ప్రశ్నకు, మన విశ్వవిద్యాలయాలు ఇవ్వలేదు.

పరిపాలన కూడా ఈ నేల స్వభావాన్ని గుర్తించక తప్పలేదు. రెవెన్యూ శాఖ లంక భూములను వాటి స్థిరత్వాన్ని, కోతకు గురయ్యే అవకాశాన్ని బట్టి ఎ, బి, సి తరగతులుగా విభజించింది. మామూలు పొలానికి హద్దురాళ్లు పాతితే సరిపోతుంది. లంకకు ఏటా కొలత కావాలి. వరద ఒక ఒడ్డున కోసిన మట్టిని మరో ఒడ్డున వేస్తే, పోయిన నేల ఎవరిది, వచ్చిన నేల ఎవరిది అన్న తగవు తప్పదు. అయినా ఈ భూములను వదులుకోవడానికి రైతులు ఇష్టపడరు. ఏటా వరద వేసే ఒండ్రు వల్ల అవి సారవంతమైనవి. చుట్టలకు పేరుపడ్డ లంక పొగాకు పండినది ఇటువంటి నేలలోనే.

4. ఇసుక నడక: శాక్రమెంటో, హోప్ దీవి

మొగ వద్ద దీవి పుట్టే తీరు ఇది. ప్రవాహానికి వేగం ఉన్నంతసేపు ఇసుక, మట్టి నీటిలో కొట్టుకొని వస్తాయి. సముద్రాన్ని తాకగానే వేగం పడిపోయి బరువైన ఇసుక ముందుగా అడుగున చేరుతుంది. సన్నని బంకమట్టి ఇంకొంత దూరం తేలుతూ పోతుంది. ఉప్పునీటిలో కలిసినప్పుడు ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దలై అవి కూడా దిగుతాయి. ఇసుక మొగ ముందు అడ్డుకట్టలా పేరుకుంటే, బంకమట్టి దాని వెనుక ప్రశాంతమైన నీటిలో బురదనేలగా మారుతుంది. ఆ బురదలో మడమొక్కలు నాటుకుంటాయి. నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న వంటి చెట్ల వేళ్లు మరింత మట్టిని పట్టి ఉంచుతాయి. నీరు, ఇసుక, చెట్టు మూడూ కలిస్తేనే తిప్ప నిలుస్తుంది.

నది వేసిన ఇసుకను సముద్రం అక్కడే ఉండనివ్వదు. నైరుతి ఋతుపవన కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకి ఇసుకను ఈశాన్యంగా నెడతాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో కొంత ఇసుక తిరిగి దక్షిణంగా జరుగుతుంది. ఏడాది మొత్తానికి లెక్కవేస్తే ఉత్తరదిశగా సాగేదే ఎక్కువ. గౌతమి మొగ నుంచి కాకినాడ వైపు సాగిన హోప్ దీవి ఈ నడకకు ప్రత్యక్ష నిదర్శనం. కోనసీమ జిల్లా హద్దుకు ఆవలనున్నా ఇది గౌతమి సంతానమే. సుమారు 16 కిలోమీటర్ల పొడవున సన్నగా సాగిన ఈ ఇసుకపట్టీ ఎక్కువ భాగం గత రెండు వందల సంవత్సరాల్లోనే పెరిగింది. దీని వెనుక కాకినాడ అఖాతం అలల తాకిడి లేని నీటిపట్టుగా మారి, ఓడరేవుకు సహజరక్షణ ఏర్పడింది.

ఒక రేవుకు రక్షణ ఇచ్చిన ఆ మేటే మరో రేవును ముంచింది. 18వ, 19వ శతాబ్దాల్లో ఓడల నిర్మాణానికి, సముద్రవర్తకానికి పేరుపొందిన కోరంగి క్రమంగా పూడిపోయి ప్రాధాన్యం కోల్పోయింది. బర్మాకు వలసవెళ్లిన తెలుగువారిని అక్కడ ‘కొరంగీలు’ అని పిలిచేవారు. రేవు పోయినా దాని పేరు సముద్రానికి ఆవల ఒక జనసమూహానికి నిలిచిపోయింది.

శాక్రమెంటో పేరు కథ ఇంకా విచిత్రమైనది. 1867 జూన్‌లో అమెరికా నౌకాదళానికి చెందిన శాక్రమెంటో అనే యుద్ధనౌక గోదావరి మొగ ముందున్న ఇసుకమేటల్లో చిక్కుకొని ధ్వంసమైంది. నావికులు ప్రాణాలతో బయటపడ్డారు. నౌక పేరు ఆ మేటకూ, తరువాత అక్కడి దీపస్తంభానికీ, దీవికీ వచ్చింది. కాలిఫోర్నియాలోని ఒక నది పేరు పెట్టుకున్న ఓడ గోదావరి నోటిలో ఆ పేరు వదిలి వెళ్లిందన్నమాట. 1978లో ఏర్పడి 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన కోరంగి అభయారణ్యం, దాని సమీపపు ఇసుకతీరాలు శీతకాలం నుంచి వేసవి మొదలు వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లకు గుడ్లు పెట్టే చోట్లు. తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డును కప్పిన ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయి. ఇసుకతీరం సన్నబడితే గూళ్లు పోటునీటిలో మునుగుతాయి. దీవి ఆకారంలో వచ్చే చిన్న మార్పు కూడా ఇక్కడ జీవన్మరణ విషయమే.

పడమటి చివర, అంతర్వేది వద్ద వసిష్ఠ మొగలోని ఇసుకమేటను స్థానికులు ‘అన్నాచెల్లెళ్ల గట్టు’ అంటారు. నదీజలం, సముద్రజలం ఎదురెదురుగా వచ్చి ఆగే గీతకు బంధువాచకంతో పెట్టిన పేరు అది. నీటి రంగుల్లో తేడా కనబడే ఆ చోటును శాస్త్రం సంగమరేఖగా వర్ణిస్తుంది.

5. హెర్డ్ ద్వీపంతో పోలిక

హిందూ మహాసముద్రపు ఉత్తరపు అంచున గోదావరి మొగలుండగా, దక్షిణపు అంచున 53 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద హెర్డ్ ద్వీపం ఉంది. ఆస్ట్రేలియా ఆధీనంలోని ఈ ద్వీప వైశాల్యం 368 చదరపు కిలోమీటర్లు. అందులో 2,745 మీటర్ల ఎత్తైన క్రియాశీల అగ్నిపర్వతం, దాని పక్కల నుంచి సముద్రం దాకా జారే హిమానీనదాలు ఉన్నాయి. 19వ శతాబ్దపు సీల్ వేటగాళ్లు, 1947 నుంచి కొన్నేళ్లపాటు నడిచిన ఆస్ట్రేలియా పరిశోధన కేంద్రపు సిబ్బంది తప్ప మనుషులు అక్కడ ఎక్కువకాలం ఉండలేదు. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

అగ్నిపర్వత ద్వీపానికీ ఒండ్రుదీవికీ పోలిక ఏమిటన్న సందేహం సహజం. హెర్డ్ తూర్పు కొసన సముద్రంలోకి కిలోమీటర్ల పొడవున సాగిన ఒక ఇసుకపట్టీ ఉంది. ఆ చోట నదికి బదులు హిమానీనదం రాళ్లను పిండిచేసి తీరానికి తెస్తుంది. ఏడాది పొడవునా పడమటి నుంచి వీచే బలమైన గాలులు, అలలు ద్వీపపు రెండు పక్కల నుంచి ఆ గులకను తోసుకుంటూ వచ్చి తూర్పున కలుపుతాయి. అందువల్ల ఆ పట్టీ నేరుగా తూర్పుకు పొడుచుకు వచ్చింది. గోదావరి మొగ వద్ద తోపు ప్రధానంగా ఒక పక్క నుంచే కనుక హోప్ దీవి తీరం వెంట ఉత్తరానికి వంగింది. గాలి దిశ తెలిస్తే ఇసుకదీవి ఆకారం అర్థమవుతుందన్న సూత్రం రెండుచోట్లా ఒక్కటే.

ఉష్ణోగ్రత విషయంలోనూ ఆసక్తికరమైన సామ్యముంది. హెర్డ్ తీరంలో నెలవారీ సగటులు సున్నా డిగ్రీకి కొంచెం పైనా కిందా మాత్రమే కదులుతాయి. చుట్టూ ఉన్న సముద్రం ఎండాకాలపు వేడినీ, చలికాలపు చలినీ రెంటినీ అదుపు చేయడమే దీనికి కారణం. కోనసీమ తీరంలో అదే సముద్రం వేరే స్థాయిలో అదే పని చేస్తుంది. రాయలసీమ, తెలంగాణల లోతట్టు ప్రాంతాల్లో ఉన్నంత పగటిమంట గానీ, అంత రాత్రిచలి గానీ ఇక్కడ సాధారణంగా ఉండవు. అయితే నిర్జనతకు కారణాలు వేరు. హెర్డ్‌లో చలి, దూరం మనిషిని నిలవనీయలేదు. గోదావరి తిప్పల్లో ఉప్పెన, మంచినీటి కొరత నిలవనీయవు.

6. వాతావరణం: రెండు ఆకాశాలు

కోనసీమ వార్షిక వర్షపాతం స్థూలంగా 1,100 నుంచి 1,200 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అందులో పెద్దభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వల్ల, మిగిలినదానిలో ఎక్కువ అక్టోబరు, నవంబరు నెలల్లో కురుస్తుంది. గాలిలో తేమ ఏడాదంతా అధికం. కొబ్బరికి ఇది అనుకూలం, వేసవిలో మనిషికి మాత్రం ఉక్కపోత. మధ్యాహ్నం దాటాక సముద్రం నుంచి వచ్చే గాలి తీరగ్రామాలకు కొంత ఊరట.

ఈ వివరాలు కోనసీమ పైనున్న ఆకాశానికి సంబంధించినవి. లంకలకు మరో ఆకాశం కూడా ఉంది. జులై, ఆగస్టు నెలల్లో రాజోలు లంకల్లో చినుకు లేకున్నా వరద వస్తుంది. మహారాష్ట్ర ఎగువ ప్రాంతాల్లో, ఇంద్రావతి పారే బస్తర్‌లో, శబరి పరీవాహకంలో కురిసిన వాన కొన్ని రోజుల తరువాత ఎర్రనీరై ధవళేశ్వరం చేరుతుంది. ఎండకాస్తున్న రోజున పడవెక్కి ఇల్లు ఖాళీచేయవలసి రావడం లంకవాసికి కొత్త కాదు. అందుకే అతడు ఆకాశం కన్నా ముందు భద్రాచలం నీటిమట్టాన్ని అడుగుతాడు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. 2022 జులైలో వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. సాధారణంగా ఆగస్టులో వచ్చే పెద్దవరద జులై నడిమికే రావడం లంకవాసులను మరింత ఇబ్బంది పెట్టింది.

ఏటిగట్లు డెల్టాలోని పొలాలను, పట్టణాలను కాపాడతాయి. లంకలు ఆ గట్ల మధ్యనే ఉన్నాయి. గట్టు ఎంత బలపడితే వరదనీరు అంతగా రెండు గట్ల నడుమ ఇరుకున లేస్తుంది. డెల్టా రక్షణ వ్యవస్థ లంకలను తన పరిధికి వెలుపలే ఉంచిందన్న సంగతిని వరదల మీది రచనల్లో తగినంతగా ప్రస్తావించరు.

రెండవ నీరు సముద్రం నుంచి వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండమై, తుఫానుగా బలపడి తీరాన్ని తాకినప్పుడు, పెనుగాలి నీటిని నేలమీదికి తోస్తుంది. తీరానికి దగ్గరలో సముద్రం లోతు తక్కువ కావడం, నేల సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తులోనే ఉండటం వల్ల ఆ నీరు దూరం చొచ్చుకువస్తుంది. ‘వరద’, ‘ఉప్పెన’ అని తెలుగు ఈ రెంటికీ వేర్వేరు మాటలు పెట్టుకోవడంలో ఆచరణాత్మకమైన విచక్షణ ఉంది. వరద పోతూ ఒండ్రు వదిలిపెడుతుంది. ఉప్పెన పోతూ నేలను చవుడు చేస్తుంది. మొదటిదాని తరువాత రైతు విత్తనం కోసం చూస్తాడు. రెండవదాని తరువాత ఉప్పు కడిగే వానల కోసం ఎదురుచూస్తాడు.

1789లోనూ 1839లోనూ కోరంగిని ముంచిన ఉప్పెనలు ప్రపంచ తుఫానుల చరిత్రలో నమోదయ్యాయి. 1839 నవంబరు నాటి మృతుల సంఖ్యగా తరచూ ఉటంకించే మూడు లక్షలన్న అంకెను జాగ్రత్తగా తీసుకోవాలి. ఆనాటి ఈ తీరంలో అంత జనాభా ఉన్నదా అన్న ప్రశ్న న్యాయమైనదే. బంగాళాఖాతపు గాలివానలను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ 1840లలో ‘సైక్లోన్’ అనే మాటను రూపొందించాడు. పాము చుట్ట అనే అర్థమున్న గ్రీకు మాట దానికి ఆధారం. తెలుగులో అరబ్బీ మూలం గల ‘తుఫాను’ పత్రికాభాషలో స్థిరపడక ముందూ తరువాతా ‘గాలివాన’ జనం మాటగా ఉంది. 1952 ప్రపంచ కథానికల పోటీలో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు కథకు ఆ పేరే ఉంది.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను కోనసీమ స్మృతిలో కాలవిభజన గీతగా మారింది. ‘తుఫానుకు ముందు’, ‘తుఫాను తరువాత’ అని నేటికీ లెక్కపెడతారు. దాని కేంద్రభాగం చిన్నది, తీవ్రత మాత్రం అసాధారణం. కాట్రేనికోన, ఐ.పోలవరం, ముమ్మిడివరం మండలాల్లోని తీరగ్రామాలు ఛిన్నాభిన్నమయ్యాయి. సుమారు వెయ్యిమంది మరణించినట్లు లెక్కతేలగా, వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు అంతకు మించి ఉన్నారు. లక్షలాది కొబ్బరిచెట్లు కూలాయి. వరి మరుసటి ఏడాది వేసుకోవచ్చు, కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నష్టం ఒక తరం సంపాదనను మింగిందనడం అతిశయోక్తి కాదు. ఆ తరువాత 2018 డిసెంబరులో ఫెథాయ్, 2025 అక్టోబరులో మొంథా తుఫానులు ఈ తీర పరిసరాల్లోనే నేలను తాకాయి. ముందస్తు హెచ్చరికలు, తరలింపుల వల్ల ప్రాణనష్టం 1996తో పోల్చలేనంత తక్కువ.

7. చెలమ నీరు

తిప్పపై మనిషి నిలవాలంటే ముందు తాగునీరు కావాలి. చుట్టూ ఉప్పునీరున్న ఇసుకలో మంచినీరు ఎలా దొరుకుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటి కన్నా తేలిక కనుక దానిపై పలుచని పొరగా తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే దాని కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు ఉండగలదని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. ఈ లెక్క తిరగబడితే ప్రమాదం. పైన ఒక అడుగు తోడితే కింద నుంచి 40 అడుగుల మేర ఉప్పునీరు పైకి రావడానికి దారి ఏర్పడుతుంది. మత్స్యకారులు ఇసుకలో లోతు తక్కువ గుంట, అంటే చెలమ తీసి, ఊరిన నీటిని మెల్లగా తోడుకునే అలవాటు ఈ సూత్రానికి అనుగుణమైనదే. లోతుగా తవ్వితే ఉప్పు పడుతుందని వారికి అనుభవం నేర్పింది. ఇసుకదీవి సన్నబడితే ఈ నీటిపొర కూడా చిక్కిపోతుంది.

తీరగ్రామాల్లో బోర్లు, చేపలు రొయ్యల చెరువులు పెరిగిన చోట్ల ఈ సున్నితమైన తూకం మరింత ఒత్తిడికి గురవుతోంది. వేసవిలో బ్యారేజీ నుంచి దిగువకు దాదాపు నీరు వదలని రోజుల్లో ఉప్పునీరు పాయల వెంట యానాం దాటి ఎగువకు పాకుతుంది.

8. తగ్గిన ఒండ్రు

తిప్పలు పెరగాలంటే నది మట్టి తేవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1970వ దశకంలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తేగా, 1990వ దశకానికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976 నుంచి 2001 వరకు డెల్టా ముఖభాగం నికరంగా 18 చదరపు కిలోమీటర్లకు పైగా నేలను కోల్పోయింది. ఎగువన కట్టిన జలాశయాల్లో మట్టి ఆగిపోవడమే ఇందుకు ప్రధాన కారణమని వారు నిర్ధారించారు. ఆరువేల సంవత్సరాలుగా సముద్రాన్ని వెనక్కి నెట్టిన డెల్టా ఒక తరం కాలంలో దిశ మార్చుకుంది.

ఆనకట్టలు లేకుంటే ఈ డెల్టాలో నేటి వ్యవసాయమే లేదు. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్టను గోదావరి జిల్లాల ప్రజలు కృతజ్ఞతతో తలచుకోవడం అందరికీ తెలిసినదే. నీటిని పంచిన లెక్క మాత్రం ఉంది, మట్టిని పంచే లెక్క లేదు. నదీజలాల ఒప్పందాల్లో రాష్ట్రాల వాటాలు టీఎంసీల్లో రాసుకుంటారు. సముద్రతీరానికి దక్కవలసిన ఒండ్రు వాటా గురించి ఎక్కడా రాసుకోరు.

దీని ఫలితం నేడు నిర్జన తిప్పలకే పరిమితమై లేదు. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటు ఎగదన్నడంతో కేశనపల్లి, పరిసర గ్రామాల్లో కొబ్బరిచెట్లు మొవ్వు ఎండి, తలలు రాలి, మొండి కాండాలుగా మిగులుతున్నాయి. పొలాల్లోని మురుగును సముద్రానికి చేర్చడానికి తవ్విన కాలువే పోటు వేళ ఉప్పునీటిని ఊళ్లోకి తెస్తోంది. ఒకప్పుడు తిప్పగా పుట్టి, పర్రగా మారి, వాననీటితో ఉప్పు కడుక్కొని కొబ్బరితోటగా ఎదిగిన నేల మళ్లీ పర్ర దశకు జారుతోంది. ఆ తోటల రైతులు కాలువ గట్లు ఎత్తు చేయాలని, మొగ వద్ద పోటునీటిని ఆపే తలుపులు పెట్టాలని కోరుతున్నారు. మొగలో ఇసుక మేటవేస్తే మురుగు బయటికి పోదు. మేట తీసి మొగ తెరిస్తే పోటు లోపలికి వస్తుంది. ఏడాదిలో ఏ నెలల్లో మొగ తెరిచి ఉంచాలి, ఏ నెలల్లో మూయాలి అన్న ప్రశ్నపై డ్రెయినేజీ ఇంజనీర్లకూ, చెట్ల రైతులకూ, అదే కాలువలో పడవలు నడిపే మత్స్యకారులకూ మధ్య ఏకాభిప్రాయం సులభం కాదు.